ఎడిటరా, ఐడీఈనా? గొడవ 64 సెకన్ల దగ్గర మొదలైంది

బీటెక్ ల్యాబ్‌లో టర్బో సీ నీలం స్క్రీన్ గుర్తుందా? కంట్రోల్ ఎఫ్9 నొక్కితే ప్రోగ్రామ్ రన్ అయ్యేది. ప్రోగ్రామింగ్ అంటే అదే అనుకున్నా. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే సర్వర్‌లో ఒక ఫైల్ మార్చమన్నారు. వీఐ తెరిచా. బయటికెలా రావాలో తెలీక విండోనే మూసేశా. నవ్వకండి, మీరూ చేసుంటారు.

వీఐ ఎందుకంత మొండిదో తర్వాత తెలిసింది. 1976 ప్రాంతంలో బర్క్‌లీలో బిల్ జాయ్ దాన్ని రాసింది 300 బాడ్ మోడెమ్ మీద పనిచేస్తూ. అంటే సెకనుకి దాదాపు 30 అక్షరాలు. స్క్రీన్‌లో 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు, మొత్తం 1920. స్క్రీన్ ఒక్కసారి నిండాలంటే 64 సెకన్లు! అందుకే ఒక్కో అక్షరం ఒక్కో కమాండ్ అయింది. కర్సర్ కదపడానికి హెచ్, జే, కే, ఎల్ ఎందుకంటారా? ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ కీల మీదే ఉండేవి.

1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్ తెచ్చింది, 49.95 డాలర్లకి. అప్పటికి కంప్యూటర్ టేబుల్ మీదకి వచ్చేసింది, మోడెమ్ కోసం ఎదురుచూపులు లేవు. ఎడిటర్, కంపైలర్ ఒకే ప్రోగ్రామ్‌లో. తప్పుంటే కర్సర్ నేరుగా అక్కడికే. ఐడీఈ అంటే అదే. మన నీలం స్క్రీన్ కూడా ఆ ఇంటిదే.

2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని బయటపెట్టింది. కోడ్‌ని అర్థం చేసుకునే పని వేరే ప్రోగ్రామ్‌కి పోయింది. ఇప్పుడు ప్లగిన్ పెడితే విమ్‌లోనూ తప్పు కింద గీత పడుతుంది. ఆ సెట్టింగ్స్‌కి నా ఆదివారాలు ఎన్ని పోయాయో!

పెద్ద జావా ప్రాజెక్ట్ అయితే నేను ఐడీఈనే తెరుస్తా, ఒక పేరుని వంద ఫైళ్లలో మార్చాలి కదా. సర్వర్‌లో మాత్రం విమ్. బయటికి రావడం నేర్చుకున్నాలెండి: ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్.