బాబ్ మార్లే చిన్న కొడుకు

బాబ్ మార్లే బొమ్మ ఉన్న టీషర్టు మన క్యాంపుల్లో ఎంతమంది వేసుకుంటరో లెక్కలేదు. పేరు తెల్వకున్నా ఆ జడల జుట్టు గుర్తుపడతరు. ఇవ్వాళ నేను రాసేది ఆయన చిన్న కొడుకు డామియన్ మార్లే గురించి. పెద్ద పేరున్న ఇంట్లో పుట్టినోడికి అంతా వడ్డించిన విస్తరే అనుకుంటం కదా. ఇతని విషయంలో అది సగమే నిజం.

ముందు తండ్రి సంగతి రెండు మాటలు. బాబ్ కూడా మనలెక్క వలస కూలీనే. 1966లో పెళ్లయిన వెంటనే జమైకా నుంచి అమెరికాలోని డెలావేర్‌కు, తల్లి దగ్గరికి పోయిండు. కార్ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసిండు. నెలల తరబడి కూడబెట్టిన పైసలతో ఊరికొచ్చి సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నడు. తర్వాత సంగతి ప్రపంచానికి తెలుసు. 1981 మే 11న క్యాన్సర్‌తో పోయిండు, 36 ఏండ్లకే. వీలునామా రాయలే. ఆస్తి కోసం పదేండ్ల దాకా కోర్టు కేసులు నడిచినయ్.

తండ్రి పోయేనాటికి డామియన్‌కు మూడేండ్లు నిండలే. 1978 జూలై 21న కింగ్‌స్టన్‌లో పుట్టిండు. తల్లి సిండీ బ్రేక్‌స్పియర్, 1976లో మిస్ వరల్డ్. అంటే తల్లిది పట్నంలో పైవాళ్ల బతుకు, తండ్రి ఎదిగింది ట్రెంచ్‌టౌన్ బస్తీలో. పిల్లగాడు ఈ రెండిటి నడుమ పెరిగిండు. 2001లో తెచ్చిన ఆల్బమ్‌కు 'హాఫ్‌వే ట్రీ' అని పేరు పెట్టింది అందుకే. అది కింగ్‌స్టన్‌లో అటు పైవాళ్ల ఇండ్లకు, ఇటు బస్తీలకు నడుమ ఉండే పెద్ద కూడలి. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. అన్న స్టీఫెన్ దగ్గరుండి చేయించిండు. ఆస్తి కొట్లాటలు చూసిన ఇంట్లో అన్నదమ్ములు అట్ల కలిసి పనిచేసుడు నాకు అవార్డు కంటే పెద్దగ అనిపిస్తది.

అసలు దెబ్బ 2005లో. పాట పేరు 'వెల్‌కమ్ టు జామ్‌రాక్'. జమైకా టూరిజం వాళ్లు తమ ప్రకటనల్లో వాడుకున్నది బాబ్ మార్లే పాటనే. సముద్రం, ఇసుక, హోటల్, అంత మంచిగనే చూపిస్తరు. కొడుకేమో ఆ హోటల్ గోడ అవతల సంగతి పాడిండు: తుపాకులు, ఆకలి, ఎలక్షన్ల మాటలు, నడిరోడ్డు మీద చావులు. మనం గూడ పెద్ద బిల్డింగుల ముందు నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపుతం, రూములో మంచాల మీద మంచాలు పంపం. అందుకే ఆ పాట మనకు తొందరగ అర్థమైతది. తండ్రి పాటతో నడిచే ప్రచారానికి కొడుకే ఎదురు చెప్పాలంటే గుండె ఉండాలె. ఆ ఆల్బమ్ అమెరికా పట్టికలో 7వ స్థానంలో మొదలైంది. 2006లో ఒకే రాత్రి రెండు గ్రామీలు వచ్చినయ్, అందులో ఒకటి రెగ్గే విభాగం బయటిది.

గొంతు తండ్రిది కాదు. రాగం తీసేకంటే మాటలు దంచినట్టు పాడుతడు. ఆ పద్ధతి జమైకా డాన్స్‌హాల్‌ది. 2010లో అమెరికా ర్యాపర్ నాస్‌తో ఆల్బమ్ చేసిండు. ఆ మరుసటి ఏడు మన ఏ.ఆర్. రెహమాన్, మిక్ జాగర్‌లతో 'సూపర్‌హెవీ' బృందంలో ఉన్నడు. రెహమాన్ పక్కన జడలేసుకుని నిలబడ్డది ఎవరని అడిగేటోళ్లుంటే, ఇతనే.

2017లో ఇంకో ఆల్బమ్, మళ్ల గ్రామీ. దాని పేరు 'స్టోనీ హిల్'. కింగ్‌స్టన్‌లో తను చిన్నప్పుడు పెరిగిన గుట్ట పేరు అది.