నేలలోని లోహాన్ని విన్న యంత్రం

టాంకుల పోరాటాన్ని కంప్యూటరు తెరపై ఆటగా ఆడే విద్యార్థులు నేడు చాలామంది ఉన్నారు. ఆటలో మందుపాతర మీదికెక్కిన టాంకు పోతే మరొకటి వస్తుంది. నిజమైన రణరంగంలో ఈ పాతరలను తప్పించుకొనడానికి భౌతికశాస్త్రం ఎట్లు తోడ్పడిందో తెలుసుకొనదగిన చరిత్ర.

టాంకులు మొదటిసారి యుద్ధానికి వచ్చింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని సోమ్ రణరంగానికి. వాటిని ఆపడానికి జర్మనులు ఫిరంగి గుండ్లనే మొన పైకుండేట్లు నేలలో పాతారు. రెండవ ప్రపంచయుద్ధం నాటికి ఇది ప్రత్యేక ఆయుధమైంది. జర్మనుల 'టెల్లర్ మైను' పళ్ళెం ఆకారంలో ఉండేది. ఆ పేరుకు అర్థం కూడ పళ్ళెమే. అందులో సుమారు ఐదున్నర కిలోల పేలుడుమందు. టాంకు కవచం ముందువైపు మందం, అడుగున పలుచన. క్రింది గొలుసుపట్టా ఒక్కటి తెగినా టాంకు కదలలేదు. కదలని టాంకును ఫిరంగితో కొట్టడం సులభం గదా! మనిషి అడుగుబరువుకు ఇది సాధారణంగా పేలదు. అందుచేత దీనిని తీయవచ్చేవారి కోసం వేరే చిన్న పాతరలు మధ్య మధ్య పెట్టేవారు.

తీసే పని ఎట్టిదో ఒక భారతీయుని చరిత్ర చెపుతుంది. 1941 ఆరంభంలో ఇథియోపియాలో ఇటలీ సేనను తరుముతూ, బొంబాయి సాపర్ల దళానికి చెందిన ప్రేమీంద్ర సింగ్ భగత్ నాలుగు రోజులలో 55 మైళ్ళ దారిలో 15 పాతరక్షేత్రాలను తొలగింపజేశారు. ఆయన ఎక్కిన బండి రెండుసార్లు పేలింది. పేలుడుకు కర్ణభేరి పగిలింది. ఆయనకు విక్టోరియా క్రాస్ లభించింది.

బయొనెట్‌ను నేలలోకి ఏటవాలుగా గుచ్చుతూ వెతకడం పాత పద్ధతి. పాతర పైనుంచి నొక్కితే పేలుతుంది, కావున నిలువుగా గుచ్చరాదు. ఈ పనికి తగిన యంత్రాన్ని 1941లో స్కాట్లండులో, స్వదేశం కోల్పోయిన పోలిష్ సైన్యంలోని ఇంజనీరు యూజెఫ్ కోసాట్స్కి తయారుచేశారు. దీనిలో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకదానిలో మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని ప్రేరణ రెండవదానిలో కనబడకుండేట్లు రెంటినీ సరితూచి అమరుస్తారు. దగ్గరకు లోహం రాగానే, అది ఇనుమే కానక్కరలేదు, ఈ తూకం చెడి చెవిగొట్టంలో మోత వినబడుతుంది. సూత్రం క్రొత్తది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరంలోని తూటాను వెతకడానికి గ్రాహంబెల్ ఇట్టి సాధనాన్నే వాడి విఫలుడైనాడు. కోసాట్స్కి తన యంత్రానికి పేటెంటు తీసుకొనక, దానిని బ్రిటిషు సైన్యానికి ఉచితంగా ఇచ్చారు.

ఈజిప్టులోని ఎల్ అలమీన్ వద్ద రొమ్మెల్ సేన పాతిన మందుపాతరలు సుమారు 4,45,000. 'సైతాను తోటలు' అని వాటికి పేరు. 1942 అక్టోబరు 23 రాత్రి, వెన్నెలలో, 500 యంత్రాలతో సాపర్లు వాటిలోకి నడిచారు. యంత్రం బరువు సుమారు 14 కిలోలు. గుండ్లు పడుతుంటే ఇతరులు నేలకు కరుచుకొనవచ్చు. యంత్రం పట్టినవాడు నిలబడి నడువవలసిందే. తీసినంత మేర తెల్లని పట్టీలు పరచి, దీపాలు పెట్టి టాంకులకు దారి చూపారు. గంటకు 100 చదరపు మీటర్లుగా ఉన్న వేగం 200 అయింది. అయినా తెల్లవారేసరికి దారులన్నీ తెరుచుకోలేదు. పోరు నవంబరు 4 దాకా సాగింది. యంత్రమే యుద్ధం గెలిచిందనడం అతిశయోక్తి. అది లేకుంటే ప్రాణనష్టం ఎంతో పెరిగేదనడంలో మాత్రం సందేహం లేదు.

జర్మనులు ఊరుకోలేదు. కొయ్యపెట్టెలలో మందు కూరి పాతర్లు చేశారు. వాటిలో లోహం బహు స్వల్పం కావున యంత్రం చెవిటిదైంది. సాపరు మళ్ళీ బయొనెట్ పట్టవలసివచ్చింది. ప్లాస్టిక్ పాతర్లు వచ్చాక ఈ చిక్కు మరింత పెరిగింది. 1997 నాటి ఒట్టావా ఒప్పందం మనుషులపై ప్రయోగించే పాతరలనే నిషేధించింది, టాంకులవాటిని కాదు. ఎల్ అలమీన్ ఇసుకలో ఆనాటి పాతరలు నేటికీ అనేకం ఉన్నాయి; గాలికి ఇసుకమేటలు కదలడంతో కొన్ని ఇంకా లోతుకు పోయాయి.