కావడిబద్ద నుండి చక్రాల పెట్టె వరకు

ప్రయాణము సాగించు మనుష్యునకు రెండు చేతులు చాలవు. ఒక చేత కఱ్ఱయో, గొడుగో, బిడ్డ చేయియో ఉండవలెను. రెండవ చేయి టిక్కెట్టు చూపుటకు, ఎదురు వచ్చిన పెద్దలకు నమస్కరించుటకు, కాలు జారినపుడు ఊత పట్టుకొనుటకు ఖాళీగా ఉండవలెను. ఇక మూట పట్టుకొనుటకు చేయి ఏది? ఈ చిన్న ప్రశ్నకు మానవజాతి పెక్కు సమాధానములు చెప్పినది. మూటను తలపై పెట్టినది, భుజమున వ్రేలాడదీసినది, నడుమునకు కట్టినది, పశువుపై వేసినది, పరుల మెడపై మోపినది, తుదకు చక్రముల మీది కెక్కించినది. చేతులు ఖాళీ చేసికొనవలెనను కోరిక అన్ని కాలములందును ఒక్కటియే. కాని మన చేతినుండి దిగిన బరువు ఎవరి మీది కెక్కినది అని అడిగినచో కాలమునకొక జవాబు వచ్చును. ఈ చరిత్రలో విచారింపదగిన విషయ మదియే.

న్యూఢిల్లీలో ఆంధ్రభవనమున్న వీథికి, అనగా తెలుగువారు పెట్టెబేడలతో వచ్చి దిగు వీథికి, అశోకుని పేరుండుట ఈ విచారణకు తగిన ప్రారంభము. బాటసారుల కష్టము తెలిసిన ప్రభువులలో అశోకుడు అగ్రగణ్యుడు. మనుష్యులకును పశువులకును నీడనిచ్చుటకై బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించినట్లును, మామిడితోపులు పెంచినట్లును, బావులు త్రవ్వించి విశ్రాంతిస్థలము లేర్పరచినట్లును ఆయన తన 7వ స్తంభశాసనమున తెలిపెను. ఆ శాసనము చెక్కబడిన రాతికంబము నేటికిని ఢిల్లీలోనే ఉన్నది. అశోకా రోడ్డునకు తూర్పుగా, ఫిరోజ్ షా కోట్లా శిథిలములపై అది నిలిచియున్నది.

ఆ కంబము అక్కడ పుట్టినది కాదు. 14వ శతాబ్దమున సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ దానిని ఇప్పటి హర్యానాలోని తోప్రా గ్రామము నుండి తెప్పించెను. పొడవు సుమారు 13 మీటర్లు; అంతయు ఒకే రాయి. ఆ కాలపు చరిత్రకారుడు షంస్-ఇ-సిరాజ్ అఫీఫ్ ఈ తరలింపును వివరముగా వర్ణించెను. కంబము వాలినపుడు విఱుగకుండ బూరుగుదూదిని పరచిరి. రెల్లుతోను పచ్చితోళ్లతోను దానిని చుట్టిరి. పిమ్మట 42 చక్రముల బండి మీది కెక్కించి, చక్రమున కొక్క మోకు చొప్పున కట్టి, మోకునకు 200 మంది చొప్పున లాగిరి. యమునాతీరము చేరిన తరువాత పడవలపై ఢిల్లీకి తెచ్చిరి. చక్రముల మీద లాగిన సామానులలో ఢిల్లీ ఎఱిగినంతలో ఇంతకు మించినది అరుదు. దీనివలన తెలియునది ఒక్కటి: చక్రము బరువును తగ్గింపదు, నేలతో కలుగు రాపిడిని మాత్రమే తగ్గించును. లాగువాడు లేక చక్రము కదలదు. త్రోవ లేక లాగువాడును కదలడు.

త్రోవ లేనిచోట చక్రమునకు పని లేదనుటకు తెలుగుదేశమే సాక్ష్యము. 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే, గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ చక్రవాహనములు సాగుట దుర్లభమని వ్రాసెను. కొండలు, చెఱువులు, ఏఱులు, ఇఱుకు దారులు అడ్డుగా ఉండెడివి. అందువలన సరకు ఎద్దుల వీపుల మీదను, కలవారు పల్లకీలలోను పోవుచుండిరి. లంబాడీలు వేలకొలది పెరికెద్దులపై ఉప్పును ధాన్యమును ఊరూర చేర్చిరి. సామాన్యుడు మాత్రము తన శరీరమునే బండిగా చేసికొనెను.

ఈ శరీరశాస్త్రమున మనవారి నేర్పు సామాన్యమైనది కాదు. నెత్తిపై చుట్టకుదురు పెట్టి, దానిపై గంపయో బిందెయో నిలిపి, రెండు చేతులు వదలి నడచు స్త్రీని చూడుడు. బరువు వెన్నెముక మీదుగా నిటారుగా దిగును. చంకలోని బిడ్డకు చేయి మిగులును. జోలె భుజమునకును, రూకల సంచి రొంటికిని చేరినవి. వీటన్నిటిలో యుక్తిమంతమైనది కావడి. బద్ద రెండు కొనల సమానమైన బరువులుండుటచే మోయువాని నడుము ఒకవైపునకు ఒరుగదు. వెదురుబద్ద సాగి లేచుచు అడుగుతో పాటు ఊగును. ఒక భుజము నొచ్చినచో బద్దను రెండవ భుజమునకు మార్చుకొనవచ్చును. శ్రావణమున హరిద్వారము నుండి గంగాజలము మోయుచు ఢిల్లీ వీథులలో నడచు భక్తుల భుజములపై ఈ బద్దయే నేటికిని కానవచ్చుచున్నది. హిమాలయములలో నేపాలీలు డోకో అను బుట్టను వీపున మోయుచు, నామ్లో అను పట్టీని నుదుటికి తగిలించుకొందురు. చైనాలో ఒంటిచక్రపు తోపుడుబండి నడుపువాడు దాని పిడులకు కట్టిన పట్టీని భుజములపై వేసికొనెడివాడు. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో బయల్పడిన, అయిదువేల యేండ్లకు పైబడిన మనుష్యుని కళేబరము చెంత కఱ్ఱ చట్రమొకటి దొరకినది. అది వీపున బరువు మోయుటకై కట్టుకొనినదని పరిశోధకులు తలంచుచున్నారు.

అయితే తన బరువు తానే మోసికొనువానికి ఒక న్యాయము, మోయించుకొనగలవానికి వేఱొక న్యాయము. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశీకి పోయి, కలకత్తా, జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరులో మద్రాసునకు తిరిగి వచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ మజిలీలో ఏమి దొరకును, ఏ బాట ఎట్టిది, ఏ నది ఎట్లు దాటవలెను అను సంగతులన్నియు అందు కలవు. ఆ యాత్ర సాగినది పల్లకీ మోయు బోయీల కాళ్ల మీద. పదునైదు నెలల పైబడిన ఆ ప్రయాణమున యజమానికి ఖాళీగా ఉండిన చేతులే మనకొక గొప్ప గ్రంథము నిచ్చినవి. ఆ గ్రంథము తలచునపుడు దానిని మోసిన భుజములను కూడ తలచుట ధర్మము.

రైలు వచ్చిన పిదప దూరము దగ్గరయ్యెను గాని మూట తేలిక కాలేదు, సరికదా పెరిగెను. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు ఆరంభమై తెలుగుదేశమును ఢిల్లీతో కలిపెను. 1976లో హైదరాబాదు నుండి ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సు మొదలయ్యెను. దాని పేరు 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సుగా మారినది. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబముల సామాను ఈ బండ్లలో వచ్చెడిది. ఇనుప ట్రంకుపెట్టె, పరుపుచుట్ట హోల్డాలు, మరచెంబు, మంచినీళ్ల కూజా, గుడ్డ వాసెనకట్టిన ఆవకాయ జాడీ! ఇందులో ఏదియు తొందరపడి లాగుటకు వీలైనది కాదు. జాడీ విషయమున చెప్పనే అక్కఱలేదు. అందుచే బండి ఆగగానే ఎఱ్ఱచొక్కా, ఇత్తడి బిళ్ల గల పోర్టరు కొఱకు కన్నులు వెదకెడివి. అతడు తలగుడ్డను చుట్టగా చుట్టి, దానిపై ట్రంకును, ట్రంకుపై హోల్డాలును పెట్టుకొని వంతెన మెట్లెక్కుచుండగా, కుటుంబమంతయు వట్టి చేతులతో వెనుక పరుగిడెడిది. బోయీ పోయి పోర్టరు వచ్చెను. భుజము పోయి తల వచ్చెను. బరువు మాత్రము ఎప్పటివలెనే సాటిమనుష్యుని మీదనే ఉండెను.

చక్రము ప్రయాణికుని పెట్టె క్రిందికి వచ్చుటకు ఇంత ఆలస్యమేల అని పలువురు ఆశ్చర్యపడుదురు. మానవుడు చంద్రునిపై అడుగిడినది 1969లో. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 యాత్రికులు తమ పనిముట్లను చంద్రుని నేలపై రెండు చక్రముల తోపుడుబండిలో లాగికొనిపోయిరి. సరిగా ఆ సంవత్సరములందే భూమిపై చక్రాల పెట్టె అంగడి కెక్కినది. చక్రములు తగిలించు యత్నములు అంతకు మునుపును జరిగినవి గాని నిలువలేదు. అమెరికాలో పెట్టెల తయారీ సంస్థలో అధికారిగా ఉండిన బెర్నార్డ్ సాడో, 1970లో కుటుంబముతో అరూబా ద్వీపము నుండి తిరిగి వచ్చుచు, రెండు బరువైన పెట్టెలు మోయుచుండగా, పనివాడొకడు పెద్ద యంత్రమును చక్రముల పలకపై సునాయాసముగా నెట్టుకొనిపోవుట చూచెను. ఇంటికి చేరి పెట్టెకు నాలుగు చక్రములు, లాగుటకొక పట్టీ అమర్చెను. దుకాణదారులు మొదట పెదవి విఱిచిరి. మగవాడు పెట్టెను మోయవలెను గాని లాగికొనిపోవుట నామోషీ యని వారి భావము. తుదకు మేసీస్ అను పెద్ద దుకాణము అంగీకరించెను. 1972లో పేటెంటు లభించినది. పూర్వము సామాను పోర్టర్లు చూచుకొనెడివారనియు, నేటి విశాలమైన విమానాశ్రయములలో ఆ వసతి తఱిగి ప్రయాణికునకు కష్టము పెరిగినదనియు ఆ పేటెంటు పత్రముననే ఉన్నది. అనగా మోయువాడు తఱిగినచోట చక్రము పుట్టినది.

ఆ పెట్టె మలుపులలో తూలి పడుచుండెడిది. 1987లో నార్త్‌వెస్ట్ విమానసంస్థ పైలెట్ రాబర్ట్ ప్లాత్ పెట్టెను నిలువుగా నిలిపి, రెండు చక్రములును, లోనికి జొచ్చు పొడుగు పిడియు అమర్చెను. మొదట తోటి విమానసిబ్బంది కొనిరి. వారిని చూచి ప్రయాణికులు కొనిరి. క్రమముగా ఆ పెట్టె మన రైల్వే ప్లాటుఫారముల మీదికిని దొరలి వచ్చినది.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. చక్రాల పెట్టె రాకతో పోర్టరు మెడకు విశ్రాంతి లభించినది గాని, అతని పొయ్యికి కూడ విశ్రాంతి వచ్చినది. లైసెన్సు పోర్టరునకు రైల్వే జీతము లేదు. మోసిన మూటకే కూలి. 2008–09 రైల్వే బడ్జెటులో లైసెన్సు పోర్టర్లను గ్యాంగుమెన్‌గా నియమించు ఏర్పాటు ప్రకటింపబడినది. 2016–17 బడ్జెటులో కూలీ అను పేరును సహాయక్ అని మార్చుదుమనిరి. పేరు మారుట గౌరవమే. కాని పేరు అన్నము పెట్టదు. ఒక వృత్తిలోని బాధ తొలగుట మేలు. ఆ వృత్తి నమ్ముకొనినవారికి వేఱొక దారి చూపుట ఆ మేలులో మిగిలిన సగము.

మఱియొక వింత. చక్రము వచ్చిన పిదప ప్రయాణికుని చేయి తిరిగి బందీ అయ్యెను. పూర్వము పోర్టరు వెనుక చేతులూపుచు నడచినవాడు నేడు పిడి పట్టుకొని ప్రక్కకు ఒరిగి నడచుచున్నాడు. అందుచే చేయి తగులకుండ పెట్టెను లాగు ఉపాయముల కొఱకు అన్వేషణ సాగుచున్నది. ఇది క్రొత్తది కాదు. 1912 జనవరి 17న దక్షిణ ధ్రువము చేరిన కెప్టెన్ స్కాట్ బృందము తమ మంచుబండిని నడుమునకు వెడల్పైన పట్టీలు, భుజములకు దట్టీలు కట్టుకొని లాగిరి. శీతలదేశములలో మంచుపై జారుచు పోవువారు నేటికిని నడుము పట్టీతో చిన్న బండ్లను లాగుదురు. కాలినడక యాత్రికులకు ఈ పద్ధతిలోనే చక్రముల బండ్లు వచ్చినవి. తుంటి యెముక శరీరమున బలమైన చోటు గనుక, అక్కడ లాగుడు తగిలినచో భుజము నొవ్వదు.

అయితే మోకుతో కట్టిన పెట్టె పల్లములో మడమలను పొడుచును. ఎద్దుబండికి మోకు గాక నొగ ఎందుకున్నదో ఎఱిగిన రైతునకు దీని కారణము చెప్పనక్కఱలేదు: నొగ బండిని లాగును, వెనుకనుండి మీద పడకుండ ఆపును. కావున నడుముతో లాగువాడు గట్టి కఱ్ఱ నమర్చుకొనుట మేలు. ఒక్క లాగుతో విడిపోవు కొక్కెము తప్పనిసరి. కదలు మెట్ల మీద గాని, బండి ఎక్కు తొక్కిసలాటలో గాని పెట్టె తగులుకొనినచో మనుష్యుడు కూడ దానితో పోవును. అట్టిచోట కట్టు విప్పి చేతితో పట్టుకొనుటయే వివేకము. విద్యుత్తుతో తనంత తాను నడచు పెట్టెలును వచ్చినవి. కాని అగ్నిప్రమాద భయమున 2018 జనవరి నుండి అమెరికాలోని కొన్ని పెద్ద విమానసంస్థలు బ్యాటరీ ఊడదీయుటకు వీలులేని పెట్టెలను నిరాకరించినవి.

ఈ యుక్తులన్నియు ఒక్క మెట్టు ఎదురైనచోట ఓడిపోవును. చక్రము గొప్పదనమంతయు నేల చదునులో ఉన్నది. 2005 జూలైలో అశోకా రోడ్డు చెంత పటేల్ చౌక్ మెట్రో స్టేషను తెఱువబడినది. న్యూఢిల్లీ స్టేషను నుండి అది రెండవ మజిలీ. మెట్రోలోని లిఫ్టు వికలాంగుల చక్రాల కుర్చీకి, ముదుసలి కాళ్లకు, పసిబిడ్డ బండికి, ప్రయాణికుని పెట్టెకు సమముగా ఉపకరించును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కోరునదియు అందఱు పోగల త్రోవయే. ఆ లిఫ్టు వెలుపల కాలిబాట పగిలియున్నచో, ఎంత వెలగల పెట్టెయైనను తిరిగి చేతి కెక్కును. చేతికి చాలనిచో మరల ఒక పేదవాని తల కెక్కును.

బరువును పరుల మెడపై మోపి చేతులూపుచు నడచుట ఒక కాలపు గౌరవము. తన బరువు తాను లాగికొనుట నేటి గౌరవము. ఈ రెండవ గౌరవము అందఱకును దక్కవలెనన్నచో కావలసినది నడుము పట్టీ గాని విద్యుత్ పెట్టె గాని కాదు, గుంట లేని బాట, మెట్టు లేని దారి, దారిలో కాస్త నీడ. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము అశోకుడు ఱాతిపై చెక్కించిన ప్రభుధర్మ మదియే.