మర్రిపాలు, బామ్ సీసా, మందు డబ్బా

అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా రెండు పక్కలా మర్రిచెట్లే. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా వద్దా అన్న గొడవ కోర్టుకెక్కడంతో, అవి దాదాపు 900 ఉన్నాయన్న లెక్క పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలిసింది. మడమలు పగిలితే మర్రిపాలు పూసుకోవడం మాత్రం కోర్టు కాగితాల్లోకి ఎక్కే సంగతి కాదు. పాలు బంకలా ఆరి పగులుని మూసేస్తాయి, నడవడానికి కొంచెం హాయిగా ఉంటుంది. అందులోని రబ్బరు లాంటి పెద్ద అణువులు చర్మం దాటి లోపలికి పోయేంత చిన్నవి కావు. ఆ వైద్యం చేసే పని పైపైనే.

మరి ఏది లోపలికి పోతుంది? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి చాలా కాలమే పట్టింది. చర్మం అసలు దేన్నీ రానివ్వదని 19వ శతాబ్దపు యూరప్‌లో గట్టిగా వాదించినవాళ్ళున్నారు. ఆ శతాబ్దం ముగియకముందే, 1893లో, కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. తలనొప్పి మందు ఒక భాషకి పత్రికనివ్వడం మన సాహిత్య చరిత్రలో అందరికీ తెలిసిన ముచ్చటే కానీ, ఆ మందు నుదుటి మీద ఏం చేసిందన్నది మనం పెద్దగా పట్టించుకోలేదు. 1920లో హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తెచ్చాడు. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు: ఘాటంతా వీటిదే.

చర్మం పైపొర చచ్చిన కణాలది. మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే కాగితం కన్నా చాలా పల్చన. శాస్త్రజ్ఞులు దీన్ని ఇటుక గోడతో పోలుస్తారు: కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. లోపలికి పోయేది ఎక్కువగా ఆ సున్నం సందుల్లోంచే, అదీ వంకర టింకరగా. కాబట్టి మందు కొవ్వులో కరగాలి, చిన్నదై ఉండాలి. 500 డాల్టన్లు దాటిన అణువుకి దారి దొరకడం కష్టమని 2000లో బోస్, మైనార్డి ఒక లెక్క చెప్పారు. పుదీనా పువ్వు 156, కర్పూరం 152. గంధపూర తైలంలోని మిథైల్ సాలిసిలేట్ కూడా 152. ఈ మూడింటికీ అది తెరిచిన వాకిలే.

పసుపు సంగతి వేరు. కర్క్యుమిన్ బరువు 368, లెక్క ప్రకారం పోవాలి. కానీ దానికి కొవ్వు మీద మమకారం ఎక్కువ, నీళ్ళలో దాదాపు కరగదు. గోడ వెనకాల ఉన్నది తడిగా ఉండే బతికున్న పొర. అందుకే చాలా మటుకు పైనే చిక్కుకుంటుంది. పెళ్ళికూతురి చేతులకి పచ్చదనం నాలుగు రోజులు వదలకపోవడానికి ఇదో కారణం. పసుపు క్రీములమ్మే కంపెనీలు ఈ ముక్క ఎందుకు చెప్పవో అర్థం చేసుకోవచ్చు!

బామ్ చల్లగా ఉండటం కూడా ఒక రకం భ్రమే. చలిని పసిగట్టే నరాల గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుందని 2002లో తేలింది. నుదురు నిజంగా చల్లబడనక్కర్లేదు. మిథైల్ సాలిసిలేట్ మాత్రం భ్రమ కాదు. చర్మంలోనే విడిపోయి సాలిసిలిక్ ఆమ్లంగా రక్తంలో కలుస్తుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు మోకాళ్ళకి పూట పూటా ఇది రుద్దుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. "పైపూత మందే కదా" అని డాక్టరుకి చెప్పనివాళ్ళే ఎక్కువ. నీలగిరి తైలంలోని సినియోల్ అయితే సున్నాన్నే వదులు చేసి, పక్కనున్న మందుని కూడా లోపలికి పంపుతుంది.

ఇదంతా కొలిచేది 1975లో థామస్ ఫ్రాంజ్ వాడిన తరహా గాజు పాత్రలో. మధ్యలో చర్మం ముక్క, పైన మందు, కింద ద్రవం. గంట గంటకీ కింద నుంచి చుక్క తీసి చూస్తారు. ఫార్మసీ చదివే పిల్లలకి ఇది బాగా తెలిసిన పనే. దొరికేది ఎక్కువగా మేక చర్మం, ఎలుక చర్మం. వాటి ఫలితాన్ని మనిషికి అంటగట్టేటప్పుడు కొంచెం ఆగాలి.

అయితే ఆ గోడకి మందూ విషమూ తేడా తెలీదు. పారథియాన్ అనే పురుగుమందు (ఇప్పుడు మన దేశంలో నిషేధం) ఒంట్లో ఎక్కడెక్కడ ఎంత ఇంకుతుందో 1971లో మేబాక్ బృందం మనుషుల మీదే కొలిచింది. ముంజేతి మీద 9 శాతం లోపు, నుదుటి మీద 36, వృషణాల మీద దాదాపు మొత్తం. చేతులకి తొడుగులేసుకుంటే చాలనుకునేవాళ్ళు ఈ అంకెలు చూడాలి.

మొయినాబాద్, చేవెళ్ళ చుట్టూ గులాబీ తోటలు, కూరగాయల చేలు. వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టే మనిషికి మూత దగ్గర కారిన మందు నడుం మీదుగా లుంగీలోకి దిగుతుంది. సాయంత్రం డబ్బా మోసిన నొప్పికి బామ్ రాసేది కూడా ఆ నడుముకే. సబ్బుతో స్నానం చేశాక రాస్తున్నాడా, ముందే రాస్తున్నాడా అని ఆ ఇంట్లో ఎవరైనా అడిగితే బాగుండు.