అలమరా తాళం ఎవరి దగ్గరుంది?

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి, సావనీరుకు ఏదైనా రాయండి మాస్టారూ అని పిల్లలు అడిగారు. పిల్లలంటే ఇప్పుడు మనవలున్నవాళ్లే అనుకోండి! బడి భవనాల గురించి, హెడ్మాస్టర్ల గురించి, ఆటల్లో తెచ్చిన కప్పుల గురించి రాసేవారు వేరే ఉంటారు. నేను ముప్పై ఏళ్లకు పైగా సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న చరిత్ర రాద్దామనుకున్నాను. సైన్సు మాస్టారికి పాఠం చెప్పే సామాను ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన తాను చదివిన చదువు దగ్గరే ఆగిపోకుండా కొత్తది నేర్చుకోవడానికి ఎవరు దారి చూపారు? అన్నదే ఆ చరిత్ర.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక బడిలో (ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం) ప్రయోగశాల గదిలో రెండు అద్దాల అలమరాలుండేవి. బీకర్లు, ఫ్లాస్కులు, ఒక కిప్ పరికరం, గుడ్డ చుట్టిన మైక్రోస్కోపు అన్నీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే ముచ్చటగా ఉండేది. తాళం తీయమని అడిగితే నాకన్నా పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, "స్టాకు రిజిస్టర్లో నీ పేరు పడుతుంది బాబూ, ఏదైనా పగిలితే జీతంలోంచి పట్టుకుంటారు" అన్నారు. నిజంగా ఎవరి జీతంలోంచైనా పట్టుకున్నారో లేదో నేను చూడలేదు. కానీ ఆ భయం మాత్రం నిజం. ఆ ఏడాది ఆక్సిజన్ తయారీని బోర్డు మీద బొమ్మ వేసే చెప్పాను. చెప్పాలనుకున్న చరిత్రంతా ఆ తాళం చుట్టూనే తిరుగుతుంది.

జిల్లా బోర్డు రోజులు

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణమైంది. అప్పట్లో పల్లెల్లో హైస్కూలంటే జిల్లా బోర్డుదే. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఆ బడులు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. మాస్టారు కావాలంటే రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీకి వెళ్లి రావాలి. అక్కడి నుంచి వచ్చాక మళ్లీ చదువు అనేది ఉండేది కాదు. ఇరవై ఐదో ఏట నేర్చుకున్నదే యాభై ఐదో ఏట దాకా చెప్పేవారు.

1952-53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషన్ సామాన్య శాస్త్రం అందరూ చదవాల్సిందేనని సిఫారసు చేసింది. అంతకుముందు సైన్సు కొందరికే దక్కిన చదువు. అందరికీ సైన్సు అనగానే అందరికీ చెప్పే మాస్టర్లు కావాలి, వాళ్లకు సామాను కావాలి. సమస్య అక్కడ మొదలైంది.

ఈ కష్టం మనది మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బడులు కూలిపోయిన దేశాల మాస్టర్ల కోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. ఖాళీ డబ్బాలు, సీసాలు, తీగలతో ప్రయోగాలెలా చేయాలో అందులో ఉంది. దాన్నే పెంచి 1956లో సైన్సు బోధనకు ఆకరగ్రంథంగా తెచ్చారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. బాంబులు పడిన ఊళ్లకు పనికొచ్చిన ఉపాయం, బాంబులు పడకపోయినా బీకర్లు లేని మన ఊళ్లకూ పనికొచ్చింది.

వేసవి శిక్షణలు, విదేశీ పుస్తకాలు

1961లో ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది. 1963 నుంచి సైన్సు, లెక్కల మాస్టర్లకు విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో వేసవి శిక్షణలు మొదలయ్యాయి. సెలవుల్లో వారాల తరబడి అక్కడే ఉండి, కాలేజీ అధ్యాపకుల దగ్గర మళ్లీ విద్యార్థుల్లా కూర్చుని నేర్చుకోవడమన్నమాట. 1964-66 నాటి కొఠారి కమిషన్ మొదటి పదేళ్ల చదువులో సైన్సు, లెక్కలు తప్పనిసరి చేయమంది. చుట్టుపక్కల బడులన్నీ ఒక గుంపుగా కలిసి పనిచేసే స్కూల్ కాంప్లెక్సుల ఆలోచన కూడా ఆ కమిషన్ ఇచ్చిందే. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఉన్నత చదువులకు తెలుగులో శాస్త్ర పరిభాష, పుస్తకాలు సమకూరాయి.

అయినా మాస్టారు ఇంటికి తీసుకెళ్లి చదువుకునే పుస్తకం మరో దారిన వచ్చింది. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో మాస్కో నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చిన సైన్సు పుస్తకాలు చాలా చవగ్గా దొరికేవి. మంచి కాగితం, గట్టి అట్ట, రంగుల బొమ్మలు! మన మహీధర నళినీమోహన్ గారు, అంతకుముందు నుంచీ వసంతరావు వెంకటరావు గారు తేలిక తెలుగులో సైన్సు రాశారు. ఏ శిక్షణకూ వెళ్లని మాస్టర్లు కూడా వీరిని చదివి తరగతిలో కథలా చెప్పేవారు. మా తరం సైన్సు మాస్టర్లకు ఇదే అసలైన ట్రైనింగ్ అని నేనంటాను.

ఆకాశం నుంచి ఒక పాఠం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పంటల గురించి, ఆరోగ్యం గురించి చూపిన సంగతి చాలామందికి తెలుసు. ప్రాథమిక పాఠశాలల మాస్టర్లకు సైన్సు ఎలా చెప్పాలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారని మాత్రం తక్కువమందికి తెలుసు. టీవీ పాఠం ఒక్కటే కాదు. దానితో పాటు రేడియో, చదువుకునే కాగితాలు, చేతితో చేసే ప్రయోగాలు, సందేహాలు తీర్చడానికి పక్కన ఒక మనిషి ఉండేవారు. దేశం మొత్తం మీద దాదాపు యాభై వేలమంది మాస్టర్లు ఇలా నేర్చుకున్నారు. ఇప్పుడు ఫోన్లో వచ్చే శిక్షణల్లో ఉన్నదేమిటో, లేనిదేమిటో తెలియాలంటే దీన్ని గుర్తుచేసుకోవాలి. తెర అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పక్కన మనిషే తగ్గిపోయాడు.

గ్రహణం నేర్పిన సంగతి

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగా వెళ్లింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చారు. మనవైపు అది పాక్షికమే గానీ సూర్యుడు చాలా మటుకు కప్పుకుపోయాడు. ఆ మధ్యాహ్నం వీధుల్లో మనిషి లేడు. తలుపులు, కిటికీలు మూసుకుని అందరూ ఇళ్లలోనే. పుస్తకంలో గ్రహణం పాఠం చెప్పిన మాస్టర్లు కూడా చాలామంది లోపలే ఉండిపోయారు. వాళ్లను తప్పుపట్టను. కళ్లు చెడకుండా చూసే పద్ధతి వాళ్లకెవరూ చేతికివ్వలేదు.

పదిహేనేళ్ల తర్వాత, 1995 అక్టోబరు 24న, దీపావళి వేళ మళ్లీ గ్రహణం వచ్చింది. మనకది పాక్షికమే. ఈసారి పిల్లలు నల్ల కళ్లద్దాల్లోంచి చూశారు, అట్టముక్కకు సూదితో బొక్క పెట్టి గోడమీద సూర్యుడి నెలవంక చూపించారు. మధ్యలో ఏం జరిగింది? 1987లో దేశమంతా జనవిజ్ఞాన జాతా తిరిగింది. ఆ ఏడాది నుంచే ఫిబ్రవరి 28ని జాతీయ సైన్సు దినంగా జరుపుకుంటున్నాం. 1988లో మన రాష్ట్రంలో జనవిజ్ఞాన వేదిక పుట్టింది. దాని వెనక ఎక్కువగా ఉన్నది బడి పంతుళ్లే. ‘చెకుముకి’ పత్రిక, చెకుముకి పరీక్షలు, 1993 నుంచి బాలల సైన్సు కాంగ్రెసు వీటన్నిటితో సైన్సు మాస్టారికి మొదటిసారి పక్క ఊరి సైన్సు మాస్టారు స్నేహితుడయ్యాడు. అరవింద్ గుప్తా గారి అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుల బొమ్మల పుస్తకాలు తెలుగులోకి వచ్చింది కూడా ఇలాంటి స్నేహాల వల్లే.

పెట్టెలొచ్చాయి

1986 విద్యావిధానం తర్వాత ప్రభుత్వం వైపు నుంచి సామాను బాగానే వచ్చింది. 1987లో ప్రాథమిక బడులకు ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’, అదే కాలంలో పైతరగతులకు సైన్సు కిట్లు, ప్రయోగశాలలకు సాయం. జిల్లాకొక శిక్షణ సంస్థ పద్ధతి వచ్చాక మన జిల్లాకు దూబచర్లలో డైట్ ఏర్పడింది. ఇంత చేసినా చాలా బడుల్లో ఆ పెట్టెలు సీలు విప్పకుండానే తుప్పుపట్టాయి. కారణం పైన చెప్పిన తాళమే. ఇంకొకటి, పెట్టె ఒక్కసారే వస్తుంది. స్పిరిట్, ఆమ్లం, లిట్మస్ కాగితం, బ్యాటరీలు ప్రతి ఏడూ అయిపోతాయి. వాటికి మళ్లీ డబ్బెవరిస్తారు?

దీనికి భిన్నంగా మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 బడుల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిట్టు అక్కడా ఇచ్చారు. పగిలితే పగిలిందని ముందే ఒప్పుకున్నారు. మాస్టర్లు నెలకోసారి కలుసుకుని, ఏ ప్రయోగం కుదిరింది, ఏది కుదరలేదు అని దాపరికం లేకుండా మాట్లాడుకునేవారు. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ముప్పై ఏళ్లు అది నడిచింది. నడిపింది పెట్టె కాదు, నెలకోసారి కలిసే ఆ కూటమి.

మన ప్రయోగశాల కొల్లేరు

సామాను లేదని బాధపడేవారికి మన ప్రాంతం చూపించాలి. పసుపు కాగితానికి సున్నం నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. మందార పువ్వు రసం ఆమ్లానికో రంగు, క్షారానికో రంగు తిరుగుతుంది. ఇవి ఏ ఇంట్లోనైనా దొరికేవే. ఇక చేపల చెరువులు చూడండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే రైతు పరుగెత్తి ఏరియేటరు వేస్తాడు. నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా చెరువులోని ప్రాణులన్నీ వాడుకుంటాయి, అందుకే తెల్లారేసరికి కొరత. మబ్బు పట్టిన రోజుల తర్వాత ఇంకా కష్టం. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ ఒక్క చెరువు గట్టు మీద తేలిపోతాయి. ఆ రైతు కొడుకు తరగతిలో ఉంటే మాస్టారికన్నా బాగా చెప్పగలడు!

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేట్లో కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి చేరుస్తుంది. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చెరువు గట్ల కూల్చివేత, ఆటపాకలో గూడబాతులు ఇవన్నీ మన పిల్లల ఇళ్లలో రోజూ మాట్లాడుకునే సంగతులే. పాఠ్యపుస్తకంలో వెతుక్కోనక్కర్లేదు.

సైన్సు మాస్టారు ఎందుకు ముఖ్యమో 2020 డిసెంబరులో ఏలూరు మనకు చెప్పింది. ఉన్నట్టుండి వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల మాట వచ్చింది. ఆ వారం రోజులూ ఊరూరా పుకార్లే. నీటిని ఎలా పరీక్షిస్తారు, సీసం ఒంట్లోకి ఎలా వస్తుంది, ఏ మాట నమ్మాలి, దేనికి ఇంకా రుజువు రాలేదు అని ఇంటింటికీ చెప్పగలిగే మనిషి ఎవరు? పల్లెలో ఆ మనిషి సైన్సు మాస్టారే.

మనం చేయగలిగింది

ఇప్పుడు దీక్ష యాప్ ఉంది, వీడియోలున్నాయి, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలున్నాయి. నేను చదివిన రోజులతో పోలిస్తే వనరులకు కరువు లేదు. కానీ యాభై ఏళ్ల కథ ఒక్కటే మాట చెబుతోంది. సామాను ఇచ్చిన ప్రతిసారీ కొంత మేలు జరిగింది. భయం లేకుండా వాడుకునే వీలు, తోటి మాస్టర్ల కలయిక ఉన్నచోట మాత్రం ఆ మేలు నిలిచింది.

స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కడదామని కొందరు, బెంచీలు వేద్దామని కొందరు అంటున్నారు. కట్టండి, వేయండి, నాకు అభ్యంతరం లేదు. దాంట్లోంచి కొంత పక్కన పెట్టి, ఏటేటా వచ్చే వడ్డీతో మూడు పనులు చేయండని నా మనవి. ఒకటి, స్పిరిట్, ఆమ్లాలు, బ్యాటరీల ఖర్చు సంఘమే భరించాలి. రెండు, ఏ గాజు సామాను పగిలినా మాస్టారిని అడగకుండా కొత్తది కొనివ్వాలి. మూడు, పెదపాడు మండలంలోని సైన్సు మాస్టర్లు, టీచరమ్మలు నెలకో శనివారం సాయంత్రం మన బడిలో కూర్చుని ప్రయోగాలు చేసుకునేందుకు ప్రయాణపు ఛార్జీలు, కాస్త టీ, టిఫిను. ఆర్చికయ్యే ఖర్చులో ఇది ఎన్నో వంతో మీరే లెక్కవేయండి.

అలమరా తాళం ఇన్నాళ్లూ స్టాకు రిజిస్టరు దగ్గర ఉంది. దాన్ని మాస్టారి జేబులో పెట్టగలిగింది, "పగిలితే మేమున్నాం" అనగలిగింది మీరే.