వెన్నుపూస ఎన్ని 'జీ'లు తట్టుకుంటుంది? శ్రీహరికోట నుంచి ఒక కథ

ఈ ఎపిసోడ్ ఒక పాత రాకెట్ పరీక్షతో మొదలుపెడతాను. 2018 జూలై 5, ఉదయం 7 గంటలు, శ్రీహరికోట. మా నెల్లూరు వైపు రాకెట్ అంటే డాబా ఎక్కి చూసే అలవాటు కదా. (2022 నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్ళిందిలెండి, మేం మాత్రం ఇంకా మాదే అనుకుంటాం.) కానీ ఆ రోజు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఉపగ్రహం లేదు, కక్ష్య లేదు. నేల మీదున్న 12.6 టన్నుల వస్తువు ఒక్కసారిగా ఎగిరి, దాదాపు 2.7 కిలోమీటర్ల ఎత్తుకి పోయి, పారాచూట్లతో సముద్రం వైపు దిగిపోయింది. మొత్తం 259 సెకన్లు.

దాన్ని ప్యాడ్ అబార్ట్ టెస్ట్ అంటారు. వ్యోమగాములు ఎక్కాక రాకెట్ నేల మీదే పేలేలా ఉంటే, వాళ్ళని కూర్చున్న గదితో సహా లాక్కుని పారిపోవాలి. పారిపోవాలంటే వేగం కావాలి. కానీ వేగం మరీ ఒక్కసారిగా వస్తే లోపలున్న మనిషి నడుము విరుగుతుంది. అందుకే ఇస్రో ఆ రోజు ప్రకటనలో, సురక్షితమైన జీ-స్థాయి దాటకుండా గదిని దూరం తీసుకెళ్ళామని ప్రత్యేకంగా చెప్పింది. ఒక జీ అంటే మన మామూలు బరువు. పది జీలంటే మీ బరువు పదింతలైనట్టు.

సరే, "సురక్షితం" అని ఎవరు తేల్చారు? ఎలా తేల్చారు? ఈ ఎపిసోడ్ దాని గురించే.

రెండో ప్రపంచ యుద్ధం చివరికొచ్చేసరికి విమానాల వేగం బాగా పెరిగింది. ప్రమాదం వస్తే పైలట్ తలుపు తీసుకుని దూకే అవకాశం లేదు. సీటునే మందుగుండుతో పైకి పేల్చాలి. బ్రిటన్‌లో మార్టిన్-బేకర్ కంపెనీ ఇందుకు నిలువు పట్టాల మీద సీటు బిగించి, 1945 జనవరి 24న బెర్నార్డ్ లించ్ అనే ఉద్యోగిని కూర్చోబెట్టి పేల్చింది. ఆయనకి ఏమీ కాలేదు. తర్వాత ఉత్సాహంగా ఎక్కిన ఒక పత్రికా విలేకరికి మాత్రం వెన్నుపూసలు నలిగిపోయాయి. అక్కడే వాళ్ళకి అర్థమైంది: ఎన్ని జీలు అన్నదొక్కటే కాదు, అవి ఎంత త్వరగా మీద పడుతున్నాయన్నదీ ముఖ్యమే. చివరికి రెండు హద్దులు పెట్టుకున్నారు. గరిష్ఠంగా 21 జీలు, అదీ సెకనులో పదో వంతుకి మించకుండా. పెరిగే వేగం సెకనుకి 300 జీలకి మించకూడదు.

త్వరగా పడితే ఏమవుతుంది? చేపల మార్కెట్లో స్ప్రింగు కాటా చూసే ఉంటారు. కిలో చేపని మెల్లగా పెడితే ముల్లు కిలో దగ్గర ఆగుతుంది. తాకించి టక్కున వదిలేయండి, ముల్లు రెండు కిలోల దాకా దూకి వెనక్కొస్తుంది. బరువు అదే, స్ప్రింగు మీద పడిన ఒత్తిడి రెట్టింపు. మన వెన్నెముకా అలాంటిదే. కదిలే పూసలు 24, మధ్యలో మెత్తటి డిస్కులు 23.

శాస్త్రవేత్తలు పట్టుకున్నది సరిగ్గా ఈ పోలికనే. 1957లో బ్రిటన్‌కి చెందిన లేథమ్ సీటు మీది మనిషిని స్ప్రింగు మీద బరువుగా లెక్కగట్టాడు. 1969లో అమెరికా వైమానిక దళం కోసం స్టెక్, పేన్ దాన్ని స్థిరమైన పద్ధతిగా మార్చారు. మొత్తం మనిషి అంటే ఒక బరువు, ఒక స్ప్రింగు, ఊగుడు ఆపే ఒక డ్యాంపర్. అంతే! ఎముక లేదు, కండ లేదు. సీటు కుదుపు ఇస్తే ఒక అంకె వస్తుంది, దాని పేరు డైనమిక్ రెస్పాన్స్ ఇండెక్స్. అది 18 అయితే వెన్నెముక దెబ్బతినే అవకాశం సుమారు 5 శాతం. నిజం చెప్పాలంటే ఇంత మొరటు లెక్క ఇన్ని ప్రాణాలు కాపాడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ ఏ పూస నలుగుతుందో ఒక్క స్ప్రింగు చెప్పలేదు. 1971లో ఆర్న్, ల్యూ వెన్నెముకని విడివిడి పూసలుగా, డిస్కులుగా లెక్కలోకి తెచ్చారు. తర్వాత టెడ్ బెలిచ్కో బృందం కంప్యూటర్లో త్రీడీ వెన్నెముకే కట్టింది. ఇప్పుడు నడుముకి రాడ్లు, స్క్రూలు వేసే ఆపరేషన్లనీ ఆ దారిలోనే కంప్యూటర్లో పరీక్షిస్తున్నారు.

లెక్క కాగితం మీద ఉంటే సరిపోదు, నిప్పు దగ్గర నిలబడాలి. 1983 సెప్టెంబర్ 26న బైకనూర్‌లో సోయుజ్ రాకెట్‌కి ప్యాడ్ మీదే మంటలంటుకున్నాయి. లోపల టిటోవ్, స్ట్రెకలోవ్. పేలడానికి కొద్ది సెకన్ల ముందు ఎస్కేప్ టవర్ వాళ్ళని లాగేసింది. దాదాపు 5 సెకన్ల పాటు 14 నుంచి 17 జీలు. ఇద్దరూ బతికారు. వాళ్ళు నిటారుగా కాకుండా వెల్లకిలా పడుకున్నట్టు ఉండటం వల్ల బరువు వెన్నెముక పొడవునా పడలేదు, వీపంతా పంచుకుంది. ఇంకో విషయం తెలుసా? ఆ స్ట్రెకలోవ్ ఏడు నెలలైనా గడవకముందే, 1984 ఏప్రిల్ 3న మళ్ళీ సోయుజ్ ఎక్కాడు. పక్క సీట్లో ఉన్నది మన హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న రాకేశ్ శర్మ.

మళ్ళీ శ్రీహరికోటకి వద్దాం. 2023 అక్టోబర్ 21న టీవీ-డీ1 పరీక్ష. ఈసారి తప్పించుకోవడం నేల మీంచి కాదు, గాల్లో, ధ్వని కంటే వేగంగా పోతున్నప్పుడు, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో. గది తీరానికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడి, తలకిందులుగా తేలింది. నేవీ వాళ్ళు తెచ్చారు. లోపల మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. నీళ్ళేగా, మెత్తగా ఉంటాయనుకోకండి. కాస్త వంకరగా పడితే కుదుపు వీపు మీద కాకుండా వెన్నెముక పొడవునా రావచ్చు. అందుకే ఇప్పుడు లెక్క ఒక్క దిక్కుకే పరిమితం కాదు. బ్రింక్లీ అనే ఇంజనీరు పేరుతో ఉన్న పద్ధతిలో మూడు దిక్కుల కుదుపునీ విడివిడిగా చూస్తారు.

నాకు తేలని సందేహం ఒకటుంది. ఆ పాత 5 శాతం అంకె యువ సైనిక పైలట్లని దృష్టిలో పెట్టుకుని కట్టింది. 2024 ఫిబ్రవరి 27న ప్రకటించిన గగన్‌యాన్ నలుగురూ 1976కి, 1985కి మధ్య పుట్టినవాళ్ళు. వయసుతో ఎముక బలం తగ్గుతుంది. పైగా భారరహిత స్థితిలో కొద్ది రోజులుంటే డిస్కులు ఉబ్బి మనిషి కొన్ని సెంటీమీటర్లు పొడుగవుతాడు, నడుం నొప్పి వస్తుంది. సముద్రంలో పడేది ఆ వెన్నెముకతోనే. రేపు ఒక అమ్మాయి ఆ సీట్లో కూర్చుంటే ఆమె పూసల కొలతలు వేరు, స్ప్రింగూ వేరు. మన వాళ్ళ ఒంటికి తగ్గ వెన్నెముకని మన కంప్యూటర్లలోనే కట్టాలన్నది నా మాట. మీ దగ్గర ఇంజనీరింగ్ చదివేవాళ్ళుంటే, ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటుంటే, ఒక బరువు, ఒక స్ప్రింగు, ఒక డ్యాంపర్‌తో మొదలుపెట్టమనండి. ఆ లెక్క ఇప్పుడు మీ ఫోన్లోనే అయిపోతుంది.