తుపాకి గొట్టం మీది అంకె

అమెరికాలో పాత వేట రైఫిళ్లు సేకరించేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట కాసేపట్లో కాలిబర్ దగ్గరకి వస్తుంది. ఒకాయన .30-06 అంటాడు, ఇంకొకాయన .270 అంటాడు. నన్నడిగితే 7x57 మౌజర్ అంటాను. భుజాన్ని గట్టిగా తన్నదు, గురికి లోటు లేదు. కానీ నన్ను పట్టుకున్నది దాని చరిత్ర.

ఇందులో 7 గొట్టం లోపలి కొలత, 57 తూటా ఇత్తడి తొడుగు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. తలుపు గడియలా పిడిని ఎత్తి వెనక్కి లాగితే కాలిన తొడుగు బయటపడుతుంది. ముందుకు తోసి దించితే కొత్త తూటా ఎక్కి గడియ పడుతుంది. బోల్ట్ యాక్షన్ అంటే ఇంతే. జర్మనీలో పాల్ మౌజర్ దీన్ని సైన్యాల కోసం మెరుగుపరిచాడు. 1893లో స్పెయిన్ ఈ 7 మి.మీ. రైఫిల్‌ని తన సైన్యానికి తీసుకుంది.

1898 జులై 1న క్యూబాలోని శాన్ హువాన్ కొండల దగ్గర ఆ రైఫిళ్లకి ఎదురెళ్లిన అమెరికన్లు గెలిచారు గానీ, వాళ్లలో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిసి వెయ్యికి పైనే. వాళ్ల క్రాగ్ రైఫిల్‌లో తూటాలు విడివిడిగా వేసుకోవాలి. మౌజర్‌లో ఐదు తూటాలు క్లిప్పుతో ఒక్క ఊపులో దిగుతాయి. ఆ పాఠంతోనే స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 పుట్టింది. మౌజర్ పేటెంట్లు వాడుకున్నందుకు అమెరికా ప్రభుత్వం 2 లక్షల డాలర్లు కట్టింది. ఆ రైఫిల్‌కి 1906లో వచ్చిన తూటాయే .30-06. 1925లో వచ్చిన .270 కూడా ఆ కుటుంబంలోదే.

దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ల మీద బోయర్లు ఎత్తినవీ 7 మి.మీ. మౌజర్లే. 1900 జనవరిలో స్పయన్ కాప్ కొండ దగ్గర గాయపడ్డవాళ్లని డోలీల మీద మోసినవాళ్లలో గాంధీగారు కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం ఉంది. సుమారు 1,100 మంది, ఎక్కువమంది కరారు కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకి వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా ఉన్న నాటాల్ అది. రైఫిళ్ల పుస్తకాల్లో ఆ మోసిన భుజాల ఊసుండదు.

యుద్ధం ముగిసి ఐదేళ్లు తిరిగేసరికి లండన్‌లో రిగ్బీ కంపెనీ ఆ శత్రువు తూటాకే అంగుళాల్లో .275 రిగ్బీ అని పేరుపెట్టి అమ్మింది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హ్యూయెట్ బహూకరించింది ఆ రైఫిలే.

మరి మనవాళ్లకి? సైన్యం వాడే .303 మామూలు మనిషి చేతికి రాకూడదన్నది దొరల పట్టుదల. బ్యారక్‌లో పోయిన తూటా ఊళ్లో తుపాకికి పట్టకూడదన్నమాట. అందుకని ఆస్ట్రియా సైన్యపు 8 మి.మీ. తూటాని .315 పేరుతో ఇక్కడ వేటకి వదిలారు. దొరలు వెళ్లిపోయాక కూడా ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ కొలతలోనే తుపాకులు చేసింది. 1972 చట్టం వేటని కట్టడి చేసింది, 1991 సవరణ దాదాపు మూసేసింది. ఆ కొలత మాత్రం మిగిలింది.

ఇక్కడ కాలిబర్ అభిరుచి, అక్కడ అది సర్కారువారి అనుమతి. అందుకే పాత రైఫిల్ కొంటే, మెరుపు కోసం గొట్టం మీది అంకెల్ని అరగదీయకండి. ఎవరు ఎవర్ని చూసి భయపడ్డారో రాసి ఉన్నది అక్కడే.